తుపాకి తెచ్చినంక పిలువు

ముందే చెప్పేస్తే మీకూ నాకూ గొడవ ఉండదు: నేను పెంచి చెబుతాను. మా దొడ్లో పిల్లి ఈనితే, ఆ వార్త నా నోటి గుండా ఊరు చేరేసరికి పులి ఈని, నలుగురిని తిని, తిరిగి అడవికి మళ్ళిపోయి ఉంటుంది. ఇది పుట్టుకతో వచ్చిన గుణం. నాలుకకు వాత పెడతానని మా అవ్వ ఎన్నిసార్లు బెదిరించినా పోలేదు. కాబట్టి ఈ అధ్యాయంలో గింజ ఎంతో, తాలు ఎంతో చెరిగి చూసుకోవడం మీ పని. చేట మీ చేతికే ఇస్తున్నాను. ఇంకొక మాట కూడా ముందే. పెద్ద రచయితలు తమ తొలినాళ్ళను తడి కళ్ళతో తలుచుకుంటారు. నేను పగతో తలుచుకుంటాను. కోపం పాలపొంగు లాంటిది, నాలుగు నీటి చుక్కలు చల్లితే కూర్చుంటుంది. పగ మామిడికాయ తొక్కు. జాడీలో ఎన్నాళ్ళుంటే అంతగా ఊరుతుంది. మాది బాగా ఊరింది.

ఆ జాడీ మూత పోయిన నెల మా బావే వచ్చి తీశాడు. బావంటే జంగయ్య, నా భార్య స్వరూపకు అన్న. నార్కట్‌పల్లి చౌరస్తాలో, హైవే పక్కన లారీ టైర్ల దుకాణం ఆయనది. దేశంలోని గాలంతా ఆయన పంపు గుండానే టైర్లలోకి వెళ్ళిందని నా లెక్క, కొంత గాలి ఆయనలోనే ఉండిపోయిందని నా అనుమానం. ఎప్పుడూ లారీ హారన్ లాగా మాట్లాడే మనిషి, ఆ రోజు సంచీ నిండా బత్తాయిలు పట్టుకొని సైకిల్ గంటంత గొంతుతో మా వాకిట్లోకి వచ్చాడు. మంచం అంచున కూర్చున్నాడు, లుంగీ మోకాళ్ళ మీదికి సర్దుకున్నాడు, అటూ ఇటూ చూశాడు. "బావా, ఒక ముచ్చట అడుగుత. నవ్వొద్దు. దుకాణంల రెండు మాట్ల దొంగలు వడ్డరు. ఇంటి మీదికి గూడ వస్తరని భయమైతాంది. తుపాకి తీస్కుందామనుకుంటున్న. సింగిల్ మంచిదా, డబులా?" అన్నాడు. నేను నవ్వలేదు. గోడ మీది బల్లి నవ్వింది. వంటింట్లో స్వరూప చేతిలో గంటె ఆగిపోయిన చప్పుడు మాత్రం నాకు స్పష్టంగా వినిపించింది.

తెలంగాణ వచ్చి మూడు నాలుగేళ్ళు, నాకు పెళ్ళయిన కొత్త. రెండింటికీ పంపకాల పేచీలు ఇంకా తెగలేదు. కోస్గికి కాస్త దూరంలో, ఊరికి ఎడంగా, మా కందిచేను అంచున ఇల్లు. ఇంట్లో అవ్వ, నాయిన, నేను, స్వరూప. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. పొద్దున్నే అవ్వ జొన్నరొట్టె తట్టే చప్పుడుకు నిద్ర లేచేవాళ్ళం. ఆమె అరచేయి రొట్టె మీద పడితే పక్క ఊళ్ళో పెళ్ళి డప్పనుకొని జనం బయలుదేరేవారు. రొట్టె మాడే వాసన, బర్రె పేడ వాసన, అవ్వ ముక్కులోకి పోయే నశ్యం వాసన, ఈ మూడూ కలిసిన గాలినే నేను ఇల్లు అనుకునేవాణ్ణి. నాయినకు పొద్దంతా రెండే పనులు: మీసం దువ్వుకోవడం, వాన రాని ఆకాశాన్ని తిట్టడం. స్వరూప వచ్చిన తర్వాత ఆ ఇంట్లో నవ్వు కూడా మొదలైంది. నేను చెప్పే కోతలకు పడీపడీ నవ్విన మొదటి మనిషి ఆమే. మిగతావాళ్ళంతా లేచి వెళ్ళిపోయేవారు.

ఒక సంత రోజు. నేను కోస్గిలో విత్తనాల దుకాణం ముందు నలుగురిని పోగేసి కథ చెబుతున్నాను. నాయిన, అవ్వ చేనులో ఉన్నారు. స్వరూప ఒక్కతే ఇంట్లో ఉంది. మిట్టమధ్యాహ్నం బండి మీద ఇద్దరు వచ్చి, అక్కా మంచినీళ్ళన్నారు. ఆమె చెంబు నిండా తెచ్చి ఇచ్చింది. ఒకడు తాగుతుండగా రెండోవాడు మెడ మీద చేయి వేసి పుస్తెలతాడు పట్టి గుంజాడు. ఆమె వదల్లేదు. లోపలికి ఉరికి తలుపు వేస్తే వాడు నెట్టుకొని వచ్చాడు. వాని మణికట్టు కొరికింది. తాడు తెగింది. ఒక పుస్తె వాళ్ళతో పోయింది, ఒక పుస్తె ఆమె పిడికిట్లో మిగిలింది. నేను వచ్చేసరికి గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. మెడ చుట్టూ ఎర్రటి గీత. అవ్వ పసుపు అద్దుతూ, దొంగను తిడుతూ ఉంది. "వాని శెయ్యి పుండువడి పుచ్చిపోను! వాని పాడె మీద కాకి గూడ వాలకపోను! నా మన్మరాలి పీకె వట్టిన వేళ్ళు యేటికొకటి ఊడిపోను!" స్వరూప మాత్రం పిడికిలి తెరవలేదు. ఇక్కడ నేనేమీ పెంచలేదు. పెంచే శక్తి ఇక్కడ నాకు లేదు.

తెల్లారి బావ లారీ వేసుకొని దిగాడు. ఆ హారన్‌కు మా బర్రె పాలివ్వడం మానేసింది. దిగీ దిగగానే వాకిట్లో నిలబడి మొదలుపెట్టాడు.

"ఏం బావా, నీ ఇంట్ల ఆడిమనిషి పీకె మీద శెయ్యేసి పోతె, నువ్వు సంతల కథలు జెప్పుకుంట కూసున్నవా?"

"నాకేమెర్క బావా, గిట్లయితదని…"

"నీకేమెర్క లేదనే నేనొచ్చిన. ఊరవతల ఇల్లు, ఉత్త చేతులు. గా పిట్టలదొర నయం నీకంటె, వానికి కట్టెదన్న తుపాకి ఉంటది! నా చెల్లెను తోల్కపోతున్న. తుపాకి తెచ్చినంక పిలువు, తోలిస్త."

పిట్టలదొరను ఎరగనివాళ్ళు మా పాలమూరులో ఉండరు. ఖాకీ బట్టలు, తలకు టోపీ, భుజాన కట్టె తుపాకి, నోటి నిండా కోతలు. ఊరూరా తిరిగి అడుక్కునే ఆటగాడు. ఆ పేరు ఒకసారి తగిలిందంటే చింతచిగురులాగా ఏటేటా చిగురిస్తుంది. మా వాకిట్లో గుమిగూడినవాళ్ళు నవ్వారు. ఆ సాయంత్రానికే నేను కోస్గి బస్టాండు దాకా పిట్టలదొరనైపోయాను. స్వరూప సంచీ పట్టుకొని లారీ ఎక్కింది. పోతావా, ఉంటావా అని ఆమెను అడిగిన మనిషి ఆ వాకిట్లో లేడు. లారీ పోయిన దుమ్ములో నిలబడి నేను ప్రతిజ్ఞ చేశాను. తుపాకి తెస్తాను. తెచ్చి ముందు బావకు చూపిస్తాను. దొంగ సంగతి తర్వాత.

తుపాకి అంటే టమాటలు కాదు కదా, సంతలో ఏరుకోవడానికి. లైసెన్సు రావాలి, దానికి ముందు పోలీసుల విచారణ. అడవి పందులు పల్లిచేను దున్నేస్తున్నాయి, ఇల్లు ఊరి బయట ఉంది, దొంగలు పడ్డారు అని మూడు కారణాలూ చెప్పుకున్నాం. ఒక రోజు ఎస్సై వచ్చి మంచం మీద కూర్చొని, మీకు శత్రువులెవరైనా ఉన్నారా అని అడిగాడు. అలాంటి ప్రశ్న కోసం మా నాయిన పుట్టినప్పటి నుంచి ఎదురుచూస్తున్నట్టున్నాడు. మీసం దువ్వుకొని, "రాస్కోండ్రి సారూ. మా పెద్దనాయిన కొడుకులు. గట్టు పంచాది. మా మేనమామ. పెండ్ల కూర తక్కువైందని అలిగిండు. మా వియ్యంపుని కొడుకు జంగయ్య…" అంటూ చుట్టాలందరినీ వరసగా చెప్పాడు. ఎస్సై కలం ఆపి, "గీళ్ళంత మీ సొంతోళ్ళే గద పెద్దాయనా?" అన్నాడు. "మరి శత్రువులంటె ఎవలు సారూ? ముక్కుమొఖం తెల్వనోళ్ళతోని మాకేం పని?" అన్నాడు నాయిన.

లైసెన్సు వచ్చేలోపు అవ్వ తన పద్ధతిలో ఇంటిని యుద్ధానికి సిద్ధం చేసింది. రజాకార్ల జమానాలో పిల్లగా ఉన్నప్పుడు వాళ్ళమ్మ నేర్పిందట, ఆపతి ముల్లె అని. పాతచీర ముక్కలో ఎండు జొన్నరొట్టెలు, ఉప్పు, ఉల్లిగడ్డ, అగ్గిపెట్టె, ఒక కత్తి కట్టి దూలానికి వేలాడదీసేది. పొద్దు ఏదైనా సరే, ఆపద వస్తే ముల్లె అందుకొని చేనుల్లోకి ఉరకడమే. ఇప్పుడు ఆ ముల్లెలో నా సెల్‌ఫోన్ చార్జర్ కూడా చేరింది. వాకిలికి అడ్డంగా తాడు కట్టి దానికి పాత పళ్ళాలు కట్టింది. కిటికీలో కారం డబ్బా పెట్టింది. పళ్ళాల తాడుకు తగిలి మొదట పడింది పాలవాడు, తర్వాత నాయిన, తర్వాత వరసగా అందరమూ. కారం డబ్బా గాలికి ఒలికి కొన్నాళ్ళ పాటు మా ఇంటి మీదుగా ఎగిరే కాకులు కూడా తుమ్ముతూ పోయేవి. దొంగ మాత్రం రాలేదు.

చివరికి లైసెన్సు వచ్చింది. ఏ తుపాకి కొనాలన్న దాని మీద మా ఇంట్లో జరిగినంత చర్చ అసెంబ్లీలో జరగదు. నాకు పిస్తోలు మీద మనసు. జేబులో వేసుకొని నార్కట్‌పల్లి చౌరస్తాలో రుమాలు తీసినట్టు తీయాలని నా కల. నాయినకు రెండు నాలీల, అంటే రెండు గొట్టాల, పెద్ద తుపాకి కావాలి. "ఒక నాలి పందికి, ఒక నాలి దొంగకు. ఇద్దరు ఒక్కపారె వస్తె ఎట్ల?" అనేది ఆయన వాదం. అవ్వకు నాలీలతో పని లేదు. "సప్పుడు ఎంత దూరం ఇనవడతదో అడుగుండ్రి. దొంగ సచ్చుడు నాకొద్దు, కొంపకు మైల పట్టుకుంటది. సప్పుడుకు గుండె వల్గి ఉరకాలె" అంది. ముగ్గురం కలిసి హైదరాబాదుకు బస్సెక్కాం. అవ్వ ఒళ్ళో ఆపతి ముల్లె ఉంది, నగరమంటే ఆమె లెక్కలో ఆపతే.

తుపాకుల దుకాణం సాహెబు గడ్డానికి గోరింటాకు పెట్టిన ముసలాయన. కోతల్లో నాకు గురువు కాగలిగిన మనిషిని నేను జీవితంలో అక్కడే చూశాను. తాను అమ్మిన తుపాకి చప్పుడుకు ఒక పులి ఆదిలాబాదు అడవి నుంచి మహారాష్ట్రకు వలసపోయి, అక్కడ కూలి పని చేసుకొని బతుకుతోందన్నాడు. నేను పిస్తోలు మాట ఎత్తగానే నవ్వాడు. "అరె మియా, జేబుల వెట్టుకొని తిరగనీకి గిది పాన్ డబ్బానా? నీ లైసెన్సుకు అది రాదు. వచ్చినా వద్దు. భయంతోని చెయ్యి వణికెటోనికి చిన్న తుపాకి ఇస్తె ముందుగాల వాని తొడల్నే పేల్తది." తర్వాత ఒక నాలీ తుపాకి తీసి అవ్వ చేతిలో పెట్టాడు. అవ్వ దాన్ని రోకలిని చూసినట్టు పైకీ కిందికీ చూసి, "తేలిక ఉన్నది. దంచితె ఇరుగుతది" అని తిరిగి ఇచ్చింది. తూటాలు కూడా రకరకాలు. లోపల సన్నటి ఛర్రలున్నవి పిట్టలకట, లావు గుండ్లున్నవి పందులకట. ఇంటి దగ్గర దొంగ మీదికైతే ఏవని నాయిన అడిగితే, "పెద్దాయనా, లావువి గోడ దాటి పోతయి. గోడవతల ఎవరుంటరు?" అన్నాడు సాహెబు. "మా బర్రె" అన్నాడు నాయిన. అలా బర్రె ప్రాణం కోసం సన్న ఛర్రలు, పందుల కోసం లావువి, నాయిన మాట ప్రకారం రెండు నాలీలది, అందరూ దునాలి అనేది, తీసుకున్నాం.

తుపాకి వచ్చాక ఇంటి వాసనే మారిపోయింది. రొట్టె, పేడ, నశ్యం పక్కన నాలుగోది, తుపాకి నూనె. నాయిన రోజూ దాన్ని తుడిచేవాడు, కన్నకొడుక్కి కూడా అంత తలంటు పోయలేదు. తుపాకి ఒక చోట, తూటాలు ఒక చోట, తాళంచెవి ఇంకొక చోట ఉండాలని ఠాణాలో గట్టిగా చెప్పి పంపారు. మేము బుద్ధిమంతులం. తుపాకి ఇనప పెట్టెలో, తూటాలు అటక మీద గింజల గుమ్మిలో, తాళంచెవి బియ్యం డబ్బా అడుగున. ఒక రోజు పొద్దున అవ్వకు అనుమానం వచ్చింది. "అన్ని మంచిగనే ఉన్నయి గని, దొంగొస్తె ఎట్ల తీస్తరో ఒక్కపారి చూస్త. నేను దొంగను. వస్తున్న" అని చెప్పి వాకిట్లోకి పోయి, కొంగు ముఖానికి కట్టుకొని లోపలికి దూరింది. నేను బియ్యంలో చేయి పెట్టాను, నాయిన అటకెక్కాడు. తాళంచెవి దొరికేసరికి అవ్వ దొంగ చల్ల తాగింది. పెట్టె తెరుచుకునేసరికి గిన్నెలన్నీ మూటగట్టింది. నాయిన గుమ్మిలో ఇరుక్కున్న కాలు తీసుకొని తూటా కిందికి విసిరేసరికి ఆమె మూట నెత్తిన పెట్టుకొని రోడ్డు దాకా పోయి, అక్కడ ఎవరితోనో ముచ్చట్లాడి, విసుగొచ్చి తిరిగి వచ్చింది. "ఇగ నన్ను కాల్సుండ్రి" అని మూట దించి, "దొంగకు కుర్సేసి కూసోవెట్టాలె గావచ్చు" అని వంటింట్లోకి పోయింది.

అయినా నాకు దొంగతో పని లేదు కదా. బావకు కబురు పెట్టాను. తుపాకి తెచ్చిన, చెల్లెను తోల్కరా అని. బావ చెల్లెల్ని తేలేదు, ముందు తనిఖీ అన్నాడు. పెళ్ళికూతురిని చూడ్డానికి వచ్చినట్టు వచ్చి, తుపాకిని తిప్పించి మళ్ళించి చూశాడు. చూసి, "కాలుస్త" అన్నాడు. లైసెన్సు ఉన్నవాడే కాల్చాలి బావా, ఇది చట్టం అని చెప్పాను. "చెల్లెను ఇచ్చినోన్ని, నీ చట్టం నాకు జెప్తవా?" అన్నాడు. సరేనన్నాను. నాలీ చేను వైపు ఉంచాలని చెప్పాను. రెండు గుర్రాలు, అంటే వేలితో నొక్కే మీటలు, ఒకేసారి నొక్కొద్దని చెప్పాను. అన్నీ చెప్పాను. వెనక కట్టెను భుజానికి గట్టిగా అదిమి పట్టుకోకపోతే ఎదురు తంతుందని మాత్రం చెప్పలేదు. పుణ్యాత్ముడు చెప్పినవి కూడా మరిచిపోయి రెండు గుర్రాలూ కలిపి నొక్కాడు. ఆ చప్పుడుకు హుజూర్‌నగర్ దగ్గర కృష్ణలో చేపలు ఒడ్డుకు ఎగిరి పడ్డాయి. బావ వెనక్కి లేచిపోయి పశువుల కొట్టం ముందు పేడకుప్పలో కూర్చున్నాడు, నాలీలు ఆకాశం వైపు తిరిగి, కొట్టం పైనున్న నల్లటి నీళ్ళ ట్యాంకుకు జల్లెడ చిల్లులు పడ్డాయి. ఆ చిల్లుల గుండా గంగమ్మ సన్నటి ధారలుగా దిగి సరిగ్గా బావ నెత్తి మీద అభిషేకం మొదలుపెట్టింది. నాయిన మీసం దువ్వుకొని, "తుపాకి మంచిగ పని జేస్తాంది" అన్నాడు.

ఆ రోజు నేను నవ్విన నవ్వు ఖరీదు తర్వాత తెలిసింది. భుజం పట్టుకొని, పేడా నీళ్ళూ కారుతూ బావ లేచి, "గీ పిచ్చోళ్ళ కొంపకు నా చెల్లెను తోలిస్తనా?" అని వెళ్ళిపోయాడు. పెద్దమనుషులు మధ్యలో కూర్చొని బతిమాలితే కొన్నాళ్ళకు దిగివచ్చాడు. "సరే. తుపాకి ఇంట్ల ఉన్నప్పుడు వచ్చి తోల్కపో. లేనప్పుడు రాకు" అన్నాడు. ఇదేం పెద్ద షరతు అనుకున్నాం. సరిగ్గా అప్పుడే ఎన్నికలొచ్చాయి. ఎన్నికలంటే లైసెన్సు తుపాకులన్నీ ఠాణాలో అప్పజెప్పాలి, ఓట్ల లెక్క తేలాకే తిరిగిస్తారు. ఎమ్మెల్యే ఎన్నికలకు ఇచ్చాం, తెచ్చుకున్నాం, నూనె పెడుతుండగానే సర్పంచు ఎన్నికలన్నారు. అవి అయ్యాయి, ఎంపీ అన్నారు. అది అయ్యీ కాకముందే జెడ్పీటీసీ అన్నారు. ప్రజాస్వామ్యం మా ఇంటి మీద కక్షగట్టింది. నేను ఫోన్ చేసినప్పుడల్లా బావ ఒకటే అడిగేవాడు.

"తుపాకి ఏడున్నది?"

"ఠాణల."

"అయితె చెల్లె గూడ ఈడనే ఉంటది."

స్వరూపతో మాట్లాడతానంటే ఇచ్చేవాడు, స్పీకర్ పెట్టి. వెనక లారీల రొద. "మంచిగున్నవా?" అంటే "మంచిగనే ఉన్న" అనేది. "తిన్నవా?" అంటే "తిన్న" అనేది. నా కోతల్లో మంచివి ఏరి, దాచిపెట్టి మరీ చెప్పేవాణ్ణి. నవ్వేది కాదు. కోపమేమో అనుకున్నాను. నా తుపాకి పుట్టింట్లో, నా పెళ్ళాం పుట్టింట్లో, నేను మధ్యలో పిట్టలదొరను.

జెడ్పీటీసీ ఎన్నికలకు తుపాకి అప్పజెప్పిన రోజు. ఠాణా హెడ్డు నన్ను చూడగానే, "రా అల్లుడా, మల్ల తోల్కొచ్చినవా బిడ్డను?" అన్నాడు. తుపాకి లోపల పెట్టించి బయటికి వచ్చి బస్టాండు ముందు చాయ్ తాగుతున్నాను. మిట్టమధ్యాహ్నం. బస్సు ఆగింది. అందులోంచి స్వరూప దిగింది. చేతిలో సంచీ లేదు, కాళ్ళకు చెప్పులు లేవు. నా దగ్గరికి వచ్చి, నా చేతిలోని చాయ్ గ్లాసు తీసుకొని, నిలబడే తాగింది.

"మీ అన్న తోలిచ్చిండా?" అన్నాను.

"లేదు. వదిన తీసింది."

"ఏం తీసింది?"

"గొళ్ళెం." గ్లాసు కింద పెట్టింది. "అన్న దుకాణానికి పోయేటప్పుడు బయట గొళ్ళెం వెట్టిపోతుండె. నా మంచికేనట. దొంగల భయమట. పొద్దుగూకినంక వచ్చి తీస్తుండె. పెట్టొద్దన్న. ఏడ్సిన. తలుపు గుద్దిన. వదిన తీస్తె ఆమెను కొట్టిండు. ఇయ్యాల మల్ల తీసింది. పో అన్నది. వచ్చిన."

ఆమె ఫోన్‌లో ఎందుకు నవ్వలేదో అర్థమైంది. చేతులు వాటంతటవే తుపాకి కోసం వెతికాయి. వెనక్కి తిరిగి ఠాణా వైపు చూశాను. ఆ క్షణాన అది నా చేతిలో లేదు, సర్కారు తాళంలో ఉంది. మా బావ ఇవాళ బత్తాయిలు మోసుకొని తిరుగుతున్నాడంటే అది జెడ్పీటీసీ ఎన్నికల చలవ.

స్వరూప నా చూపు పట్టింది. "గదుంటె ఏం జేస్తుంటివి?" అంది.

"కాలుస్తుంటి."

"గందుకే. అందరు కలిసి తుపాకి తెచ్చిండ్రు గని, నాకేం గావాల్నో అడిగిండ్రా? ఆ దొంగ నెట్టిన దినం తలుపెందుకు ఆగలే? మన దర్వాజకు లోపట గడియ లేదు. పెండ్లయి వచ్చిన దినం నుంచి లేదు. అన్న ఇంట్ల బయట గొళ్ళెం, మన ఇంట్ల లోపట గడియ లేకపాయె. నేనేడుండాలె?"

నిజమే. లేదు. చిన్నప్పుడు నేను లోపల గడియ పెట్టుకొని నిద్రపోతే, తలుపు ఎంత బాదినా లేవలేదని నాయిన దాన్ని గొడ్డలితో ఊడబెరికాడు. మళ్ళీ పెట్టించడం ఎవరికీ తట్టలేదు. ఎస్సై వచ్చాడు, సాహెబు దగ్గరికి పోయాం, పళ్ళాలు కట్టాం, కారం చల్లుకున్నాం, రెండు నాలీలా ఒక నాలీనా అని నెలల తరబడి కొట్లాడుకున్నాం. గడియ లేని తలుపుకు దునాలి కాపలా పెట్టిన ఇల్లు ఈ రెండు జిల్లాల్లో ఇంకొకటి ఉంటే చూపించండి. అక్కడే, బస్టాండు ఎదురుగా ఉన్న ఇనప సామాన్ల దుకాణంలో ఆమె స్వయంగా ఏరుకుంది. అటూ ఇటూ జరిపి చూసింది, మొద్దుగా ఉన్నది వద్దంది, తన చేతికి సులువుగా ఆడేది పట్టుకుంది. ఆ సాయంత్రం నాయిన దాన్ని బిగించాడు. స్వరూప లోపలికి పోయి గడియ వేసుకుంది. మేము ముగ్గురం వాకిట్లో నిలబడ్డాం. చాలాసేపు తీయలేదు. పిలవబోతే అవ్వ నా నోరు మూసింది. తర్వాత ఆమే తీసి, "రొట్టెలు జేసిన, రాండ్రి" అంది.

ఇప్పుడు మా చేను చుట్టూ ప్లాట్లు పడ్డాయి, గోడల మీద కెమెరాలు పెట్టారు. ఎవరింట్లో ఎవరు తుమ్మినా ఫోన్‌లో కనిపిస్తుంది. అవ్వ లేదు, నాయిన మీసం తెల్లబడి రాలిపోయింది. జొన్నరొట్టె ఆరోగ్యానికి మంచిదని నగరంలో కనిపెట్టారట. తుపాకి ఉంది, ఎన్నికలొస్తే ఠాణాకు పోయి వస్తుంది. బావ పేల్చిన నాటి తర్వాత పందుల మీద తప్ప ఎన్నడూ పేలలేదు, వాటిలోనూ ఒక్కటీ చావలేదు. అప్పుడు మాకు భయం ఎక్కువ, సామాను తక్కువ. ఇప్పుడు సామాను పెరిగింది. భయం తగ్గిందని ఎవరైనా అంటే నేను కూడా నమ్మని కోత అది. స్వరూప మెడ మీది గీత చాలావరకు పోయింది. గొళ్ళెం చప్పుడు వినిపిస్తే మాత్రం ఇప్పటికీ ఆమె చేతిలో ఉన్నది ఆగిపోతుంది.

బావ అడిగినదానికి నేను ఓపికగా జవాబు చెప్పాను. లైసెన్సు ఎట్లా, ఠాణాలో ఏమడుగుతారు, సన్న ఛర్రలు ఎప్పుడు, లావువి ఎప్పుడు. డబులే మంచిదన్నాను. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకొని, "అప్పుడు నాకు తెల్వలేదు బావా, చెల్లె మంచికే అనుకున్న" అన్నాడు. నేను ఆయన భుజం మీద చేయి వేసి, "పోనీలె బావా, పాత ముచ్చట్లు మరిచిపోయిన" అన్నాను. స్వరూప చాయ్ తెచ్చి ఇచ్చింది. ముగ్గురం నవ్వుకున్నాం. ఇన్నేళ్ళ పగ ఆ చాయ్ ఆవిరిలో కలిసిపోయింది.

ఇక చేట ఇటివ్వండి, నేనే చెరుగుతాను. కృష్ణలో చేపలు ఒడ్డున పడలేదు. ట్యాంకుకు పడినవి జల్లెడ చిల్లులు కావు, కొన్నే, కానీ నీళ్ళు బావ నెత్తి మీదే పడ్డాయి. అవ్వ దొంగ రోడ్డు దాకా పోలేదు, వాకిలి దాకానే పోయింది. నాయిన అంతమంది శత్రువులను చెప్పలేదు, ఇంకా చాలామందిని చెప్పాడు. సాహెబు పులి సంగతి నేను పూచీ పడను, అది ఆయన కోత. ఇవన్నీ పెంచినవి. పెంచడం వేరు, పుట్టించడం వేరు. ఉన్నదాన్నే పెంచగలం. ఈ అధ్యాయంలో లేనిదాన్ని ఉన్నట్టు రాసింది ఒక్కటే, పోయిన నెల వాకిట్లో రాజీ జరిగినట్టు పైన రాసినది. బావ ఏడవలేదు. చెల్లె ముఖం వైపు కూడా చూడలేదు. తుపాకి గురించి తెలుసుకొని లేచాడు. చాయ్ ఎవరూ ఇవ్వలేదు, బత్తాయిలు స్వరూప బర్రెకు వేసింది. నేను మరిచిపోయానని అనలేదు. మరిచిపోలేదు.